మా అమ్మ జేనతో కొలిచిన వైపర్లు

కూలికి పోయి నన్ను నర్సును చేసిన మా అమ్మ, నేను నడిపే కారు మాత్రం ఎక్కనంటే ఎక్కనంది. సెకండ్‌హ్యాండ్‌దే అయినా మా ఇంటావంటా అదే మొదటి కారు. "నువ్వు సూదెయ్యి, ఏపిచ్చుకుంటా. స్టీరింగు పట్టుకుంటివా, నాకు బస్సుండాది" అనేది. ఆరు నెలలు బతిమాలితే, పోయిన వానాకాలంలో కుప్పంలో చిన్నమ్మ కొత్తింటి ప్రార్థనకు ఎక్కింది. అదీ వెనక సీట్లో. దారిలో ఒక్క తేడా వచ్చినా దిగి బస్సెక్కేస్తుందట, మళ్లీ ఈ జన్మలో నా కారు ఎక్కదట.

మదనపల్లె దాటేదాకా మలుపు మలుపుకీ "స్తోత్రం, స్తోత్రం" అంటూనే ఉంది. పుంగనూరు దగ్గరికి వచ్చేసరికి వాన దంచడం మొదలుపెట్టింది. వైపర్లు వేశాను. మా సీమలో వైపర్ల రబ్బర్లు వానకు అరగవు, ఎండకు పెళుసెక్కి చస్తాయి. నాలుగుసార్లు ఆడాయో లేదో, నా పక్కది పేలికలాగా ఊడి వేలాడింది. రోడ్డు లేదు, అంతా నీళ్లే.

"సూస్తివా!" అంది అమ్మ, భలే సంతోషంగా.

పాక్కుంటూ పోయి బస్టాండు ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల కొట్టు రేకుల కింద ఆపాను. కొట్టాయన "ఎన్ని ఇంచీలమ్మా?" అన్నాడు. మనిషికి ఏ సూది వెయ్యాలో చెప్పగలను గానీ, కారు సంగతి నాకేం తెలుసు? తక్కువ పడకూడదని "రెండూ పెద్దవే ఇవ్వండి" అన్నాను. పాతవి పీకి పారేసి, కొత్తవి టక్కుమనేదాకా తగిలించి, స్విచ్ వేశాను. రెండూ లేచి నడిమధ్యలో కొట్టుకున్నాయి. మళ్లీ వేశాను. మళ్లీ కొట్టుకున్నాయి, తోడికోడళ్లలాగా. కొట్టాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాకూ నవ్వొచ్చేసింది, భయం భయంగానే.

అమ్మ కారు దిగింది. అయిపోయింది, బస్సుకే అనుకున్నాను. ఆమేమో కింద పడున్న పాత వైపర్లు తీసి, పక్కపక్కన పెట్టి, వేళ్లు చాపి జేనతో కొలిచింది.

"రెండూ సరిజోడని ఎవురు సెప్పినార్మే నీకు? నీ పక్కది మూడు జేనలు. నా పక్కది రెండు జేనల నాలుగు వేళ్లు."

కొట్టాయన టేపు పెట్టి చూశాడు. ఇరవై రెండు, పద్దెనిమిది. "అమ్మా, నువ్వు ఈడ్నే ఉండిపో" అన్నాడు.

ఒకదాన్ని మార్చి చిన్నది తగిలించాను. వైపరు కమ్మీ జారి అద్దం పగలకుండా అమ్మ తన కొంగు అడ్డం పెట్టింది. స్విచ్ వేస్తే ఒక్క ఊపుకు అద్దం తేటపడింది. ముప్పై ఏళ్లు దాటినదాన్ని, నడివీధిలో ఎగిరి చప్పట్లు కొట్టాను.

అంతలోనే కుప్పం బోర్డుతో ప్రైవేటు బస్సొకటి వచ్చి ఆగింది. నా చప్పట్లు ఆగిపోయాయి. మా అమ్మది మాటంటే మాటే.

"పోతావామ్మా?" అన్నాను.

అమ్మ బస్సును తేరిపార చూసింది.

"యాడికి పోయేది? దానికి ఉండేదే ఒగటి వైపరు. అదీ ఆడతా లేదు" అంటూ, ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది.