రెండు సెకన్ల గొంతు

నేను తీసినవన్నీ ఊరు వదిలి బతకడానికి వచ్చినవాళ్ళ కథలే. పాటలూ ఫైట్లూ ఉండే సినిమాలు కావు, డాక్యుమెంటరీలు. విజయనగరంలో మా ఇంటి ముందుగదే ఆఫీసు. కెమెరా ఒకటి, మైకు ఒకటి, నేనొకణ్ణి. ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశావాళ్ళు, సెంట్రింగు పనికొచ్చే బీహారువాళ్ళు, ఇలా ఇరవయ్యేళ్ళు వాళ్ళ వెంటే తిరిగాను. మా అమ్మకి ఇది అస్సలు నచ్చేది కాదు. "ఆలెవలు, నువ్వెవలు? ఆల యెనకాల తిరిగితే నీకేటొస్తాది?" అని సణిగేది. మన జాలర్లు గుజరాతు పడవల మీదకి పోవడం లేదా అని నేను వాదించేవాణ్ణి. వాదనలో ఎప్పుడూ నాదే పైచేయి.

భోగాపురం దగ్గర ఒక బట్టీలో పరిచయమయ్యాడతను. పాతపట్నం దాటాక, ఒడిశా వైపు పల్లె. ముప్పై లోపు వయసు. పనికి సరిపడా తెలుగొచ్చు. "నీ భాషలోనే చెప్పవయ్యా, మాటలు వెతుక్కుంటుంటే మనసులోది బయటికి రాదు" అన్నాను. పచ్చి ఇటుకల వరస పక్కన గొంతుక్కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడాడు. ఇంటి దగ్గర మూడు నెలల కూతురుందని, రెండుసార్లే చూశానని చెప్పి, తనలో తనే నవ్వుకున్నాడు. నాకు సగమే అర్థమైంది. మిగతాది తరవాత ఒకాయన దగ్గర కూర్చుని తెలుగులో రాయించుకున్నాను.

తెర అడుగున అక్షరాలు వేస్తే సరిపోయేది. కానీ నేను బొమ్మ వేసేది పల్లెల్లో, గోడకి తెల్లదుప్పటి కట్టి. చూసేవాళ్ళలో చాలామందికి చదువు రాదు. అందుకని తెలుగు మాటలు పెట్టాను. దానికి వేరే మనిషెందుకని అతని మాటలన్నీ నా గొంతుతో నేనే చెప్పేశాను. మనిషి సొంత గొంతు మొదట రెండు సెకన్లు వినిపించి, ఆ తరవాత దాన్ని బాగా తగ్గించి, పైన మన మాటలు పెట్టడం మా పనిలో పద్ధతి. లారీల హోరు అడ్డొస్తోందని, ఆ రెండు సెకన్ల తరవాత అతని గొంతుని నేను తగ్గించి ఊరుకోకుండా పూర్తిగా తీసేశాను.

శ్రీకాకుళంలో సభ పెట్టి, "గొంతులేని వాళ్ళకి గొంతునిచ్చాడు" అని శాలువా కప్పారు. నేనూ నవ్వుతూ కప్పించుకున్నాను. సిగ్గుమాలినవాణ్ణి.

ఆ తరవాత మూడేళ్ళకి అతని భార్య ఫోన్ చేసింది. సరిహద్దు పల్లె మనిషి కదా, మన తెలుగే మాట్లాడింది. అతను పచ్చకామెర్లతో పోయి రెండేళ్ళు దాటిందట. నాకు తెలియనే తెలియదు.

"ఆ బొమ్మలోన మాటలు మా మనిషివి కావు బాబూ. ఆయన గొంతు నాకు తెల్దేటి? పిల్ల రోజూ ఫోన్లోన అదే సూస్తాది. దీని అయ్య ఎలగ మాటాడీవోడో ఒక్కపాలి ఇనిపించండి."

"దానికేముందమ్మా, పట్టుకొస్తాను" అనేశాను. వారం రోజులు వెతికాను. ఆ నలభై నిమిషాలూ ఉన్న డిస్కుని, తరవాతి సినిమాకి జాగా చాలక నేనే చెరిపేశాను. శాలువా కప్పిన సభలో పెద్దమనుషుల ఉపన్యాసాలు మాత్రం ఇంకో డిస్కులో భద్రంగా ఉన్నాయి. అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

మిగిలినవి సినిమాలోని ఆ రెండు సెకన్లే. వాటినే కత్తిరించి ఫోన్లో వేసుకుని, పాతపట్నం దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. రేకుల ఇల్లు. "బాగున్నావా తల్లీ" అంటూ గడపలోకి వెళ్ళగానే, మూలన ఆడుకుంటున్న పిల్ల చటుక్కున తలెత్తి చూసింది. నాలుగేళ్ళుంటాయి. బట్టీలో అతణ్ణి కలిసిన సంగతి వాళ్ళమ్మకి చెబుతుంటే, ఆ పిల్ల మెల్లగా వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. చనువున్న పిల్ల అనుకున్నాను.

ఫోన్ ఆమె చేతికిచ్చాను. చిన్న దగ్గు, ఆ వెంటనే ఒడియాలో "కొణ కొహిబి" అన్న మాట. ఏం చెప్పను, అని. అంతే, అయిపోయింది.

"ఆయనే" అంది. "గొంతు సవరించుకోందే మాట మొదలెట్టడు." మళ్ళీ నొక్కింది. మళ్ళీ మళ్ళీ నొక్కి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి, "ఇంతేనా బాబూ?" అంది.

"ఇంతేనమ్మా. మిగతాది నేనే పోగొట్టాను."

ఆమె కళ్ళు తుడుచుకుని, పిల్ల చెవి దగ్గర ఫోన్ పెట్టి, "బాపా" అంది, నాన్న అని వాళ్ళ భాషలో. పిల్ల శ్రద్ధగా వింది. విని, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఫోన్ పక్కకి నెట్టి, నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "బాపా" అంది.

తల్లి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. "తెలిసీ తెలీని పిల్ల, ఏటీ అనుకోకండి బాబూ" అంది.

ఏదో చెప్పాలని నోటి దాకా వచ్చింది. పిల్ల కళ్ళు నా పెదాల మీదే ఉన్నాయి. నోరు విప్పలేదు. లేచి, ఇద్దరికీ చేతులు జోడించి, వెళ్ళొస్తానని కూడా అనకుండా బయటికొచ్చేశాను.