మిర్చి గోదాములో ఊటీ పరీక్ష

మొన్న ఆదివారం స్వెటర్ల కోసం బీరువా కింది అర లాగితే, కలరా ఉండల ఘాటు వెనకాల నుంచి సన్నగా నీలగిరి తైలం వాసన వచ్చింది. దుప్పట్లు, మఫ్లర్లు, మా ఆయన పెళ్ళినాటి కోటు అన్నీ ఎత్తి చూస్తే, అడుగున నాయిన జేబురుమాలు ఒకటి మడతపెట్టి ఉంది. ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు గంజి రంగుకు తిరిగింది, రెండు మూలలు ముడి వేసి వేసి నలిగిపోయాయి. ముప్పై ఏళ్ళు దాటిన రుమాలు. ఇన్నేళ్ళ తైలం ఇంకా వాసన వస్తుందా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, అవతల గదిలో పిల్లల గొడవకు ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

వారం రోజులుగా ఇంట్లో సాగుతున్న గొడవంతా ఊటీ గురించే. డిగ్రీ చదివే మా సింధు ఫోను చేతిలో పట్టుకుని, డిసెంబరులో పోతే ఊటీలో గదులు సగం ధరకే దొరుకుతాయని, బొటానికల్ గార్డెన్, గులాబీల తోట, కొంచెం కిందికి దిగితే ఏనుగులుండే ముదుమలై అడవి, అన్నీ నాలుగు రోజుల్లో చవగ్గా చుట్టి రావచ్చని, లోకంలో తనొక్కతే కనిపెట్టినట్టు వాళ్ళ నాన్నకూ తమ్ముడికీ చెబుతోంది. నాకు నవ్వొచ్చింది. ఆ సంగతి మా నాయిన ఫోన్లు లేని రోజుల్లోనే, ఇదే సూర్యాపేటలో కూర్చుని కనిపెట్టాడు. అయితే సింధు లెక్కలో మనుషులు నలుగురే. అమ్మమ్మకు డెబ్బై దాటాయి, చలి పడదు, ఆ నాలుగు రోజులూ హైదరాబాదులో మామయ్య దగ్గర, అంటే మా అన్న దగ్గర, దింపి పోదాం అంది. మా అమ్మ అక్కడే కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది, తల ఎత్తలేదు. నాకు మాత్రం చురుక్కుమంది, ఎందుకంటే ఆ 'చలి పడదు' అన్న మాట నా తొమ్మిదో ఏట నా మీద పడింది.

మా నాయిన మార్కెట్ యార్డు దగ్గర ఎరువుల దుకాణంలో గుమాస్తా. జీతం చిన్నది, ప్లాన్లు పెద్దవి. దుకాణానికి వచ్చిన ఒక క్యాలెండరులో పచ్చటి కొండ, దాని మీద పూలతోట, కింద ఊటీ అన్న పేరు చూసిన రోజు నుంచి ఆయన మనిషి మనిషిలా లేడు. ఎండాకాలంలో అక్కడ గదుల కిరాయి పిరమని, చలికాలంలో అడిగే దిక్కుండదని, సత్రంలో దిగి మన బియ్యం మనమే వండుకుంటే హోటలు ఖర్చే ఉండదని, లారీ డ్రైవర్లనూ, శబరిమల పోయొచ్చిన స్వాములనూ, కనబడ్డ వాళ్ళనల్లా ఆపి అడిగి ఒక పాత డైరీలో రాసుకున్నాడు. చలికాలంలో చలి ఉన్నచోటికి ఎవడైనా పోతాడా అని మా గల్లీ గల్లీ అంతా నవ్వింది. హమాలీలు ఆయనకు 'ఊటీ సారు' అని పేరు పెట్టారు, నాయిన ఆ పేరుకు పలికేవాడు కూడా.

మా చలికాలం అంటే తెల్లవారుతుండగా గల్లీ మొదట్లో కంది కట్టెల మంట, దాని చుట్టూ గొంతుక్కూర్చుని అరచేతులు కాచుకునే ముసలివాళ్ళు, ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు, జేబుల నిండా రేగుపళ్ళు, అంచులు కరకరలాడే సర్వపిండి, బడి నుంచి రాగానే గోటీ కనబడనంత మసక పడేదాకా గోటీలాట. వాటితో పాటే వడ్ల దుమ్ము. కోతలు కాగానే ట్రాక్టర్లూ ఎడ్లబండ్లూ మార్కెట్టుకు వరుస కట్టేవి, రోడ్డు పొడవునా వడ్లు ఆరబోసి తూర్పార పట్టేవాళ్ళు, ఆ నూగు గాలిలో లేచి మా గడపల మీద, మంచినీళ్ళ కుండ మూత మీద, మా కనుబొమ్మల మీద కూడా వాలేది. సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు ఆయాసం వచ్చేది. ఇంట్లో దాన్ని దమ్ము అనేవాళ్ళు. ఛాతీలో పిల్లికూతలు మొదలు కాగానే అమ్మ రుమాలు మీద నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేసి నా ముక్కు దగ్గర పట్టి, వీపు రాస్తూ కూర్చునేది. చలికాలంలో వస్తుంది కాబట్టి చలికే వస్తుందని అందరం అనుకున్నాం.

అందుకే నాయిన ప్లాను విన్న నాయినమ్మ ముందుగా నా పేరే కొట్టేసింది. మా ఇంట్లో నాయినమ్మ మాటకు తిరుగు లేదు. చెవులకు బంగారు గంటీలు, నోట్లో ఎప్పుడూ తమలపాకు, ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు ఆమె ముఖం చూడాల్సిందే. "గా సలికి గీ పిల్ల దమ్ము ఆగిపోతది. దీన్ని నా కాడ ఇడిసిపెట్టి మీరు పోయిరాండ్రి" అంది. నాయిన డైరీ మూసేసి బయటికి పోయాడు. పన్నెండేళ్ళ మా అన్న, నా భాగం చాక్లెట్లు కూడా తనే తెస్తానని ఉదారంగా మాట ఇచ్చాడు. అమ్మ ఏమీ అనలేదు, పొయ్యి ముందు నుంచి కదలనైనా కదల్లేదు. నాకు నాయినమ్మ మీద కన్నా అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు, అన్నం మాత్రం తిన్నాను.

నేను లేకుండానే ఊటీ పనులు జోరుగా సాగాయి. మా గల్లీలో ఒక్క ఇంట్లోనూ అందరికీ సరిపడా స్వెటర్లు లేవు, కానీ ఇంటికొకటి ఉండేది, వాటినన్నిటినీ అడిగి తెచ్చారు. పోస్ట్‌మ్యాన్ గారి కోతి టోపీ నాయినకు, రెండిళ్ళ అవతలి మిలిటరీ ఆయన కోటు అన్నకు. ఆ కోటులో అన్న చేతులు కనబడేవి కావు. పక్కింటి మేరమ్మ టీచరు తమ చర్చిలో పిల్లల పాటల కోసం అల్లిన ఎర్ర స్వెటరు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, క్రిస్మస్ లోపల తిరిగిస్తే చాలంది. నేను పోవడం లేదని ఆమెకు తెలియదు. నాకూ చెప్పబుద్ధి కాలేదు. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

అట్లాంటి సమయంలో కోదాడ నుంచి మా మేనమామ వచ్చాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు, కోదాడ దగ్గర మిర్చి దాచే ఏసీ గోదాములో పని. రైతులు ధర వచ్చేదాకా మిర్చి బస్తాలు ఆ చల్లటి గోదాములో పెట్టుకునేవాళ్ళు. విషయమంతా విని మామ ఛాయ్ గ్లాసు కింద పెట్టి, "దీనికి తగువెందుకు బావా. మా గోదాంలో చలి ఊటీ చలికి తక్కువేం కాదు. పిల్లని ఓ అరగంట కూసోబెట్టి సూద్దాం. దమ్ము రాకపోతే తీస్కెళ్ళండి" అన్నాడు. నాయిన ముఖం వెలిగిపోయింది. నాయినమ్మ ఊరుకుంటుందా, పిల్లకు ఒక్కదానికే పరీక్షేంది, పోయేవాళ్ళందరూ కూర్చోవాలి, తనూ వచ్చి కళ్ళారా చూస్తానంది. ఇవాళ ఈ మాట ఏ డాక్టరుకు చెప్పినా మమ్మల్నందరినీ తిట్టి పంపిస్తాడు. ఆ రోజు మాత్రం అంతకన్నా తెలివైన ఉపాయం లేదనుకున్నాం.

మరుసటి ఆదివారం సర్వపిండి మూట కట్టుకుని, అడిగి తెచ్చిన స్వెటర్లన్నీ తొడుక్కుని ఎర్ర బస్సులో కోదాడ పోయాం. బస్సులో జనం మమ్మల్ని వింతగా చూశారు, నాయిన టోపీ సర్దుకుని కిటికీ బయటికి చూశాడు. గోదాము తలుపు దగ్గర అమ్మ నన్ను పక్కకు లాగి, నాయిన జేబులోని రుమాలు తీసుకుని, తన కొంగు ముడిలోని చిన్న సీసా వంచి తడిపి, ముక్కూ నోరూ కప్పేటట్టు నా మెడ వెనక గట్టిగా ముడి వేసింది. రోజూ చేసే పనే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మామ జానెడు మందం తలుపు లాగాడు. లోపలి నుంచి తెల్లటి పొగలాగా చలి మా కాళ్ళ మీదికి వచ్చింది.

పోయిన పంట బస్తాలు ఇంకా సగం గోదాము నిండా ఉన్నాయి, కప్పు దాకా. నడుమ సందులో గోనె సంచులు పరిచి అందరం వరుసగా కూర్చున్నాం. నాయిన వాచీ చూసి పరీక్ష మొదలైందన్నాడు. చలి బాగానే ఉంది, పళ్ళు కొట్టుకుంటున్నాయి, అన్న కోటు చేతుల్లో తల కూడా దాచుకున్నాడు. ఒక రెండు నిమిషాలు అయిందో లేదో నాయిన తుమ్మాడు. తర్వాత అన్న. ఆ తర్వాత ఇక ఏ తుమ్ము ఎవరిదో తెలియలేదు. మిర్చి ఘాటు చలిలో కలిసి ముక్కుల్లోకి, గొంతుల్లోకి దూరింది, నాయిన కోతి టోపీ పీకేసి దగ్గుతూ తలుపు వైపు పరుగెత్తాడు, వెనక అన్న కోటు తొక్కుకుంటూ పడబోయి లేచాడు. నాయినమ్మ కాసేపు పౌరుషంగా కూర్చుంది. పదకొండు తుమ్ములు నేనే లెక్కపెట్టాను. పన్నెండోదానికి తమలపాకు ఎగిరి బస్తా మీద పడింది, ఆమె కూడా గోడ పట్టుకుని బయటికి నడిచింది. లోపల నేనూ అమ్మా మిగిలాం. నాకు నీలగిరి వాసన తప్ప ఇంకేమీ తెలియలేదు. అమ్మ కొంగు ముక్కుకు అదిమిపెట్టుకుంది, కళ్ళ నుంచి నీళ్ళు ధారలు కారుతున్నాయి, అయినా నా చెయ్యి వదల్లేదు.

అరగంట తర్వాత మామ వచ్చి తలుపు తీశాడు. నాయినమ్మ నా ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఎర్రబడిన కళ్ళు తుడుచుకుని, "ఇగ సాలు. గీ పిల్ల నాకంటె గట్టిది. తీస్కపోండ్రి" అంది. నేను గోదాము ముందు లారీల మధ్య గిరగిరా తిరిగాను. ఆనాటి సంతోషం నాకు మళ్ళీ పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

మిర్యాలగూడలో రైలెక్కాం. పెట్టె నిండా నల్లబట్టల అయ్యప్ప స్వాములు, విభూతి వాసన, రాగం తప్పినా ఆగని భజన. నాయిన వాళ్ళకు ఊటీ గురించి చెప్పాడు, తను ఇంకా చూడలేదన్న సంగతి తప్ప అన్నీ చెప్పాడు. ఊటీ సత్రంలో మేం మోసుకుపోయిన కందిపప్పు ఎంత మంట పెట్టినా ఉడకలేదు. కొండ మీద అంతే అని పక్క గదివాళ్ళు సైగలతో చెప్పారు. నాలుగు రోజులూ చింతకాయ తొక్కుతోనే అన్నం తిన్నాం. బొటానికల్ గార్డెన్‌లో క్యాలెండరు పూలు ఒక్కటీ లేవు, మళ్ళన్నీ తవ్వి ఎండాకాలం కోసం నారు నాటుతున్నారు. గదులు సగం కిరాయికి ఎందుకు దొరికాయో నాయినకు అప్పుడు అర్థమైంది. అయినా బోర్డుల మీది చెట్ల పేర్లన్నీ డైరీలో రాసుకున్నాడు.

తోటకు పోయింది పొద్దున్నే కదా, గడ్డి మీద మంచు ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉంది. నేను ఆ వాలు మీద పైదాకా ఉరికి, అక్కడి నుంచి అమ్మను పిలిచాను. పిలిచాక తెలిసింది నాకే, ఛాతీలో పిల్లికూత లేదు. ఊరి నుంచి బయలుదేరాక ఒక్కసారీ రాలేదు. కిందికి వచ్చేసరికి అమ్మ బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"ఇంకొక్కసారి ఉరుకు బిడ్డా, సూస్త" అంది.

ఆ పొద్దు ఎన్నిసార్లు ఉరికానో లెక్క లేదు. తిరిగొచ్చాక దవాఖానలో చూపిస్తే, చలి కాదు, వడ్ల దుమ్ము పడదని తేలింది. మరుసటి ఏటి నుంచి కోతల నెల నన్ను మార్కెట్టు దుమ్ముకు దూరంగా కోదాడ మామ ఇంట్లో ఉంచారు. ఎర్ర స్వెటరు క్రిస్మస్‌కు రెండు రోజుల ముందే మేరమ్మ టీచరుకు ఇచ్చేశాం.

ఇప్పుడు నాయినమ్మ లేదు, నాయిన లేడు. ఆయన డైరీ ఒక వానాకాలం చెదలు తినేశాయి. మిర్చి గోదాము ఉన్నచోట ఫంక్షన్ హాలు లేచింది, కిందటేడు అక్కడే ఒక పెళ్ళిలో ఐస్‌క్రీం తిన్నాం. వడ్లు మిషన్లు కోస్తున్నాయి, కంది కట్టె మంటలు లేవు, స్వెటరు కావాలంటే పిల్లలు ఫోనులో నొక్కుతారు, గల్లీలో ఎవరి టోపీ ఎవరి నెత్తికి సరిపోతుందో ఎవరికీ తెలియదు. రుమాలు ఒక్కటి మిగిలింది.

దాన్ని తీసుకెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, గోదాము కథంతా పిల్లలకు చెప్పాను. సింధు కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి, అంత ఘాటులో తొమ్మిదేళ్ళ పిల్లను నేనెట్లా కూర్చోగలిగానని అడిగింది. నేను మొండిదాన్ని కాబట్టి అన్నాను, ఇన్నేళ్ళూ నేను నమ్మింది అదే. అమ్మ చిక్కుడుకాయలు తుంచడం ఆపింది. పెళ్ళికి ముందు తను కోదాడలో ఆరేళ్ళు మిర్చి తాలుకాయలు ఏరే కూలికి పోయిందని, గుడ్డ కట్టుకోకుండా ఆ బస్తాల దగ్గర ఎవరూ నిలవలేరని తనకు తెలుసని, ముందే కబురు పెట్టి ఆ గోదాము మాట అనమని మామను పురమాయించింది కూడా తనేనని, కూర మాట చెప్పినంత మామూలుగా చెప్పింది.

మరి మిగతావాళ్ళకు ఆ గుడ్డ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే అందరు కట్టుకుందురు. ఇగ నువ్వెట్ల గెలుస్తవు? మీ నాయినమ్మ ముంగట నా మాట నడిచేదా?"

నేను ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను, నవ్వాను కూడా. ఆనాడు ఆమెతో మాట్లాడకుండా ఉన్న రెండు రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది. రుమాలు నా ముఖం కింద ఉంది, వాసన ఇంకా గట్టిగా వస్తోంది. అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళ తైలం ఇంకా ఇట్లా ఎట్లా ఉందని.

అమ్మ కొంచెం సిగ్గుపడింది. తొడిమలన్నీ ఒకచోటికి ఊడ్చి, సింధు వైపు చూడకుండా చెప్పింది.

"పాతది కాదు. మొన్న మీరు ఊటీ అనంగనే నేనే రెండు సుక్కలేసి పెట్టుకున్న."

సింధు ఫోను తీసుకుని నలుగురిని ఐదుగురు చేసింది.