మధ్యాహ్నం నీళ్ళు

ఏ మోటారు కష్టపడినా యజ్ఞనారాయణగారు చూడలేరు. ఆ జాలి మనుషులకు వర్తించదనేది కాలనీ మొత్తం ఏకగ్రీవంగా ఒప్పుకున్న ఒకే ఒక్క సంగతి.

అలియాబాద్ దాటాక హైవేకి కాస్త లోపలగా ఉన్న ఆ కాలనీలో బోరు నీళ్ళు ఉప్పన. అందుకే ఆర్వో ప్లాంటు పెట్టుకున్నారు. మోటారు ఆ నీటిని సన్నని పొర మీదికి బలంగా నెడితే ఉప్పు ఇవతల ఆగిపోయి, మంచినీరు అవతలికి వస్తుంది. ప్లాంటు బాధ్యత, పంపుల ఇంజినీరుగా రిటైరైన యజ్ఞనారాయణగారికి అప్పగించారు. ఆనాటి నుంచి కార్యదర్శి జయకృష్ణకు మనశ్శాంతి లేదు. పెద్దాయన ఒత్తిడి ముల్లును సగానికి మించి లేవనివ్వరు. ఎండ నడినెత్తికి రానిదే మోటారు వెయ్యరు.

"పొద్దున్నే ఆఫీసులకు పోయేవాళ్ళం బాబాయిగారూ. మధ్యాహ్నం నీళ్ళెవరు పట్టుకుంటారు?"

"డాబా మీద నల్ల ట్యాంకులో నీరు ఎండకు కాగాలి అబ్బాయ్. చల్లటి నీరు చిక్కగా ఉంటుంది, పొరలోంచి ఒక పట్టాన దిగదు. వెచ్చబడితే తేలిగ్గా జారుతుంది. మోటారుకు భారం తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది."

"తాగే మా నోళ్ళు కాలుతున్నాయండీ."

"కుండలో పోసుకోండి. కుండకు మోటారు లేదు."

ఆయన చెప్పేది నిజం కావడమే జయకృష్ణను మరింత మండించేది. అబద్ధమాడేవాడితో వాదించి గెలవవచ్చు. నిజం చెబుతూ ప్రాణం తోడేసేవాడితో ఏం వాదిస్తాం?

పోనీ, ఇంట్లోవాళ్ళ చేత చెప్పిద్దామని ఒకసారి ఆయన భార్య లలితకుమారిగారిని ఆశ్రయించాడు. ఆవిడ నిట్టూర్చారు. "నేను మిక్సీ వేస్తే పక్కన నిలబడి, 'కాసిని నీళ్ళు పొయ్యి లలితా, పాపం రొప్పుతోంది' అంటారు. మా ఇంట్లో గట్టి పచ్చడి తిని ఎన్నాళ్ళయిందో నాయనా. నువ్వు నీళ్ళ కోసం వచ్చావు, నేనెవరి దగ్గరికి పోను?"

చివరికి జయకృష్ణ తెగించాడు. ఆదివారం మీటింగు. పెద్ద మోటారు కొనడం, యజ్ఞనారాయణగారిని ప్లాంటు నుంచి తప్పించడం, రెండూ తీర్మానాలే. శుక్రవారం ఆ దంపతులు పెళ్ళికని కాకినాడ వెళ్ళారు. శనివారం తెల్లవారుతుండగానే జయకృష్ణ అసోసియేషన్ దగ్గరున్న మారు తాళంచెవితో ప్లాంటు తెరిచి, ముల్లును చివరిదాకా లేపాడు. నీళ్ళు ధారగా దూకాయి.

"ఇవి మన నీళ్ళేనా అన్నయ్యా?" అంది ఎదురింటి సాయిప్రియ, నిండిన క్యాను ఎత్తుకుంటూ.

జనం నింపుకుని వెళ్ళిపోయారు. అతనికి మాత్రం మోటారు ఆపబుద్ధి కాలేదు. ఆ హోరు వింటూ నిలబడి ఉండగా వెనక ప్రహరీ మీదుగా ఒకావిడ తల కనిపించింది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే పరమేశ్ భార్య, శంకరమ్మ.

"ఎవలయ్యా మోటారేసింది? సారు యాడికి పోయిండు?"

"ఊరెళ్ళారు. ఏమైంది?"

"మా తొట్టిల గాలి మిషిన్ బందయింది. శాపపిల్లలు మీదికొచ్చి నోళ్ళు తెరుస్తున్నయి. జల్దీ బంద్ జెయ్యి నాయినా."

అతను మోటారు ఆపి గోడ దూకాడు. అక్కడ సిమెంటు తొట్టిలో, చెరువులో వదలడానికి పెంచుతున్న చేపపిల్లలు. పరమేశ్ బిందెతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తున్నాడు. జయకృష్ణ చేతిలో బకెట్ పెట్టాడు.

"మీదికెల్లి పొయ్యి సారు, గాలి గలవాలె. తెల్లారిజామున నీళ్ళల్ల గాలి తక్కువుంటది. మీకూ మాకూ ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్. మీ మోటారు జోరుగ నడిస్తే మా దిక్కు వోల్టేజి పడిపోతది. ఎండ మీదికొచ్చేదాంక ఎయ్యనని మీ పెద్దసారు మాటిచ్చిండు. ఎన్నడు తప్పలే. ఈ యేడు మా బతుకంత గీ తొట్టిలనే ఉన్నది."

గాలి మిషను మళ్ళీ అందుకునేదాకా జయకృష్ణ ఆఫీసు బూట్లతోనే నీళ్ళు ఎత్తిపోశాడు. కొన్ని పిల్లలు పోయాయి. చాలావరకు బతికాయి.

ఆదివారం పొద్దున యజ్ఞనారాయణగారు ఆటో దిగగానే పట్టుకున్నాడు.

"ఒక్క ముక్క నాతో చెప్పకూడదా బాబాయిగారూ?"

"చెబితే మీటింగు పెడతావు. మీటింగులో చేపపిల్లలకు ఓటు లేదు. పరమేశ్ మీ అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడాలి. దానికంటే నన్ను తిట్టుకోవడం మీకు తేలిక, నాకు అలవాటు." ఆయన సంచీ భుజానికెత్తుకుని, "అయినా చల్లటి నీరు చిక్కగా ఉంటుందన్నది నిజమే" అన్నారు.

సాయంత్రం మీటింగులో జయకృష్ణ లేచాడు. పరమేశ్ పేరెత్తలేదు. వెచ్చటి నీటి స్వభావం గురించి, పొర ఓర్పు గురించి, నిదానంలో ఉన్న పొదుపు గురించి చెప్పిందే చెప్పాడు. కొత్త మోటారు బదులు నిలవ ట్యాంకు కొందామన్నాడు. మధ్యాహ్నం తీసిన నీళ్ళు అందులో చల్లబడితే తెల్లవారేసరికి అందరూ పట్టుకోవచ్చు.

"నిన్నటిదాకా పెద్ద మోటారన్నది మీరే కదండీ?" అన్నాడు మూలింటి భానుతేజ.

"నిన్నటిదాకా నాకు తెలియదండీ" అని మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. వినలేక అందరూ చేతులెత్తేశారు. యజ్ఞనారాయణగారిని తప్పించే తీర్మానం ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడు ముందు వరసలోంచి ఆయనే లేచారు. "కుర్రాడు ఫరవాలేదు. ట్యాంకు మాత్రం పల్లంలో పెట్టాలి. ఎత్తులో పెడితే నీళ్ళెక్కించడానికి ఇంకో మోటారు కావాలి, పాపం."

ప్లాంటు చుట్టుపక్కల పల్లం ఒక్కటే. అక్కడ జయకృష్ణ కారు నిలుపుకుంటాడు.

అతను ఆయన వంక ఒకసారి చూసి, కారు తియ్యడానికి వెళ్ళాడు.