రెండో సీజన్ రెండేళ్లకు

వెంకట్రాజానికి కిడ్నీలు పాడై మూడేళ్లు. వరంగల్ చౌరస్తా దగ్గర ఉన్న స్టీలు సామాన్ల దుకాణం ఇప్పుడు భార్య కళావతే చూసుకుంటోంది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఎనిమిదింటికల్లా ఆయన దవాఖానలో డయాలసిస్ మంచమెక్కాలి. ఎడమచేతికి రెండు సూదులు, నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం. మొదట్లో పేపరు చదివేవాడు. ఒంటిచేత్తో పేజీ తిప్పే ఓపిక లేక అదీ మానేశాడు.

పక్క మంచం కట్టమ్మది. అరవై దాటిన మనిషి. నర్సంపేట అవతలి పల్లె నుంచి మొదటి బస్సుకు బయల్దేరి వచ్చేది. ఆమెకు ఏడేళ్లుగా ఇదే పని.

కూతురు సింధు ఒకరోజు తండ్రి ఫోన్లో ఒక సీరియల్ పెట్టి ఇచ్చింది. తెలుగులోకి డబ్ చేసినది, శుక్రవారానికో ఎపిసోడ్. భూమ్మీద బతుకు గడవక నాలుగు వందల మంది ఓడెక్కి, ఆకాశంలో ఇంకో నేలను వెతుక్కుంటూ పోతుంటారు. వెంకట్రాజం ఫోన్ను బల్ల మీద నిలబెట్టి చూస్తుంటే కట్టమ్మ మెడ సాచింది.

"ఏంది సేటూ, గా పిల్ల గట్ల ఇనుప బట్టలేస్కున్నది?"

ఆయన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి ఆమెకు అందించాడు. వైరు రెండు మంచాల మధ్య బిగుసుకుని నిలిచింది.

ఆ పిల్ల ఓడలో మిషన్లు బాగుచేసే ఇంజనీరు, పేరు ఇలోనా. కట్టమ్మకు నోరు తిరగక ఎల్లమ్మ అనేసింది. మూడో వారానికి వెంకట్రాజమూ అలాగే పిలుస్తున్నాడు. ఓడలో మనిషికి రోజుకు నాలుగు గ్లాసుల నీళ్లే అని కెప్టెన్ హుకుం జారీచేసినప్పుడు కట్టమ్మ పగలబడి నవ్వింది. "మనకంటె నయమే గదా సేటూ!" ఆమెకు డాక్టరు చెప్పింది రెండు గ్లాసులే.

తొమ్మిదో శుక్రవారం సూదులు తీశాక, కట్టమ్మ చేతికి దూది అదుముకుంటూ చెప్పింది. "మా దిక్కే గీ డయాలసిస్ మిషన్లు పెట్టిండ్లట సేటూ. సోమారం సంది ఆడికే పోత. గీ బస్సుల తిప్పలు తప్పుతయి."

"మంచిదే గదక్కా," అన్నాడు వెంకట్రాజం. నిజంగానే మంచిది. ఇంటికి పోయేదాకా ఆ మాటే తనకు తాను చెప్పుకున్నాడు.

తర్వాతి శుక్రవారం చివరి ఎపిసోడ్. పక్క మంచం మీద ఎవరో రిటైర్డ్ ఉద్యోగి మొహాన తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నాడు. వెంకట్రాజం రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఓడ ఎర్రటి నేల మీద దిగింది. బయటి గాలి పీలిస్తే బతుకుతారో లేదో ఎవరికీ తెలియదు. ఇలోనా తలుపు పిడి పట్టుకుంది. తలుపు సందులోంచి తెల్లటి వెలుగు పడింది. అంతే, తెర నల్లబడింది. మొదటి సీజన్ సమాప్తం.

ఫోన్లో వెతికాడు. రెండో సీజన్ రెండేళ్లకట.

వెంకట్రాజం ఇంట్లో ఎవరూ రెండేళ్ల తర్వాతి సంగతులు మాట్లాడరు. దుకాణం మీద గది వేసే మాట వచ్చినా, తిరుపతి మొక్కు మాట వచ్చినా 'చూద్దాం' అని ఊరుకుంటారు. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లెవరో ఎంత తేలిగ్గా రెండేళ్లు ఆగమంటున్నారు! కోపం రాబోయింది కానీ దానికీ ఓపిక కావాలి. కళ్లు మూసుకున్నాడు.

ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం కట్టమ్మకు ఫోన్ చేశాడు.

"సేటూ! నీ ఫోను కోసమే సూత్తాన. దిగిండ్లా?"

దిగారని చెప్పేద్దామనుకున్నాడు. ఆమెది బటన్ల ఫోను, ఎలాగూ చూసేది లేదు. నోరు రాలేదు.

"తలుపు తెరుస్తాంటెనే ఆపేసిండ్లక్కా. మిగిలింది రెండేండ్లకట."

"గదేం ఆపుడు? ముద్ద నోటికాడికి తెచ్చి గుంజుకున్నట్టు! సరే, ఇయ్యాల్టిది నాకు మొదటి సంది చెప్పు. తొందరేం లేదు, నేను గూడ పండుకునే ఉన్న."

వెంకట్రాజం చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. మధ్యలో కెప్టెన్ తమ్ముడి పేరు తప్పు చెబితే కట్టమ్మ సరిదిద్దింది. ఓడ దిగేటప్పుడు ముసలి వంటాయన ఏడ్చాడని చెబితే, "పాపం, ఆయన మంచోడు," అంది. ఇద్దరికీ నీరసమే. ఆమె 'ఆఁ' అనడం ఆలస్యమైనప్పుడల్లా లైను కట్టయిందేమోనని ఆయన "అక్కా?" అని పిలిచేవాడు.

తలుపు దాకా వచ్చాక ఆగిపోయాడు.

"ఆ ఎల్లమ్మ దిగుతది," అంది కట్టమ్మ. "అంత దూరం పోయినంక దిగక ఏం జేత్తది?"

"మనం సూస్తమా అక్కా?"

ఆ మాట బయటికి వచ్చాకగానీ తాను అడిగిందేమిటో ఆయనకు తెలియలేదు. మూడేళ్లలో ఎవరినీ అడగలేదు.

"ఏమో సేటూ," అంది కట్టమ్మ. "నాకైతే తెల్వది. ఉంటె సూద్దాం." ఆ తర్వాత గొంతు మార్చి, "ఇంకోటి ఏదన్న పెట్టమను మీ బిడ్డను. జర పొట్టిది. నువ్వు సూసి నాకు చెప్పు," అంది.

కళావతి తలుపు తోసుకుని వచ్చేసరికి వెంకట్రాజం ఫోను పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం పెట్టమంటారా అని ఆమె అడిగింది. కాసేపాగి తింటానన్నాడు, ఎప్పుడూ అనే మాటే. ఆ రోజు నిజంగానే తిన్నాడు.