ఫోటోకు ఆపరేషన్

అనంతపురంలో ఒక యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో పాత ఫోటోలు భద్రపరిచే పనిలో కొత్తగా చేరాను. కంబదూరు తాత ఒకాయన తన తండ్రి ఫోటో తెచ్చాడు. ఉన్నది అదొక్కటే, అదీ ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. మాస్కు, గ్లౌజులు వేసుకుని మెల్లగా ఊడదీశాను. ఎక్కడా చిరగలేదు.

ఆ మాట చెబుదామని మాస్కుతోనే బయటికొస్తే వరండా నిండా విద్యార్థులు. అందరూ నావైపే చూసేసరికి సిగ్గేసింది. తల దించుకున్నాను.

"పాయెనే మా నాయన!" అంటూ తాత కూలబడ్డాడు.

ఒకబ్బాయి పరుగున నీళ్లు తెచ్చి, "ఏడవద్దు తాతా, పెద్దాయనకు వయసైపోయింటాది" అని ఓదార్చాడు.

జీవితంలో మొదటిసారి గట్టిగా అరిచాను. "తాతా, మీ నాయన బాగుండాడు!"

ఆయన లేచొచ్చి ఫోటో చూసి, "మీసం గూడా చెదరలేదే!" అని మురిసిపోయాడు.

ఆ అబ్బాయి ఇప్పటికీ నన్ను "డాక్టరమ్మా" అనే పిలుస్తాడు. నేను మాత్రం మాస్కు తీసి, కాస్త నవ్వు తెచ్చుకున్నాకే తలుపు తీస్తున్నాను.