మెట్లు దిగిన జట్టు

పోయిన శనివారం పొద్దున మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మా ఇంటి దగ్గరి మైదానంలో మనవరాలి సాకర్ ఆట చూసి కారెక్కుతుంటే, నిరుడు పుట్టినరోజుకు నేను కొనిపెట్టిన, తనకిష్టమైన జట్టు ఎర్ర జెర్సీ ఎందుకు వేసుకోవడం లేదే అని అడిగాను. "తాతా, దే ఆర్ రబ్బిష్ నౌ. ఐ గో ఫర్ ది అదర్ టీమ్" అనేసి, బెల్టు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడసాగింది. పదేళ్ళ పిల్ల, దానికేం తెలుసని మా అమ్మాయి నవ్వేసింది గాని, నాకు నవ్వు రాలేదు. ఓడిన జట్టును అంత తేలిగ్గా విడిచిపెట్టవచ్చునని ఎన్నడూ తెలియని ఒక పెద్దమనిషి, ఈ దేశంలో నా తొలి సంవత్సరాలలో నాకు పెద్దదిక్కుగా ఉండినవాడు, దారిపొడుగునా మనసులో మెదులుతూనే ఉన్నాడు.

ఆ రోజుల్లో మెల్‌బోర్న్ వచ్చిన నా తోటివాళ్ళకు అప్పటి సంగతులు వేరే చెప్పనక్కరలేదు. తెనాలిలో ఇంజనీరునని చెప్పుకుని దిగిన నాకు, ఇక్కడి అనుభవం లేదన్న ఒక్క మాట మీద ప్రతి ఆఫీసు తలుపూ మూసుకుపోతే, చివరికి డాండెనాంగ్‌లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో, తయారైన ముక్కల్ని కొలిచి చూసే పని దొరికింది. అదే ఫ్యాక్టరీలో అచ్చులు చేసే విభాగానికి పెద్ద అయిన స్పెయిన్ దేశస్థుడొకాయన మా వెనకవీధిలో ఉండేవాడు. వానలో తడుస్తూ బస్సు కోసం నిలబడ్డ నన్ను ఒకనాడు కారాపి ఎక్కించుకున్నాడు. ఆ తరువాత మరి నన్ను బస్సెక్కనివ్వలేదు. నాకంటే బాగా పెద్దవాడు. ఈ దేశపు అలవాటు ప్రకారం పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక సార్ అంటే కోప్పడేవాడు. మా ఆవిడ మాత్రం మొదటిరోజు నుంచీ అన్నయ్యగారూ అనే పిలిచింది. దాని అర్థమేమిటో చెప్పించుకున్నాక ఆయన ఆమె నోట మరో పిలుపు రానివ్వలేదు.

సోమవారం పొద్దున కారెక్కగానే ఆయన ముఖం చూస్తే చాలు, వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ జట్టు గెలిచిందో ఓడిందో తెలిసిపోయేది. స్పెయిన్‌లో ఆదివారం సాయంత్రం ఆట ముగిసేసరికి మనకు సోమవారం తెల్లవారబోతుంటుంది. ఆయన ఆ వేళకు లేచి అక్కడి తమ్ముడికి ఫోను చేసి, గోలు ఎవరు కొట్టారో, దెబ్బ ఎవరికి తగిలిందో వివరంగా కనుక్కుని, అదంతా దారిలో నాకు అప్పజెప్పేవాడు. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నేను, మొదట్లో మర్యాదకు ఊకొట్టి, పోనుపోను ఆదివారం రాత్రే ఆ జట్టు గురించి ఆలోచిస్తూ పడుకునేవాణ్ణి.

ఉత్తరాన సముద్రపు ఒడ్డున, ఎడతెగని వానలు కురిసే చిన్న ఊరట వాళ్ళది. చేపలకు ఉప్పు పట్టించి డబ్బాల్లో పెట్టే కార్ఖానాల కూలీలు జట్టు కట్టుకున్నారట. ఊళ్ళో చదునైన నేల లేక, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే ఇసుకలో ఆడేవారట. నీళ్ళు ముందుకొస్తే ఆట సగంలో ఆపి ఇళ్ళకు పోయేవారట. జిల్లా పోటీలతో మొదలై, దేశంలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు చెల్లాచెదరై, మళ్ళీ కూడి మూడో డివిజన్‌కు ఎక్కారు. అప్పుడు గోల్‌కీపరు ఈయనే. తరువాత బతుకుతెరువు వెతుక్కుంటూ ఓడెక్కి ఈ దేశంలోని క్వీన్స్‌లాండ్ చెరుకుతోటలకు, అక్కడి నుంచి మెల్‌బోర్న్‌కు వచ్చేశాడు. ఈయన వచ్చేశాకే జట్టు రెండో డివిజన్‌కు ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. అక్కడి పద్ధతి అది: ఒక డివిజన్‌లో పైన నిలిచిన జట్లు మరుసటి ఏడు పై మెట్టు ఎక్కుతాయి, అడుగున మిగిలినవి కింది మెట్టుకు దిగిపోతాయి. ఇక్కడి ఫుటీలో, అదే ఆస్ట్రేలియా వాళ్ళ సొంత ఫుట్‌బాల్‌లో, ఆఖరున నిలిచిన జట్టుకు కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడంలో మొదటి అవకాశం ఇస్తారు గదా, అది నయం కాదా అని నేనడిగితే, నయమే, కాని ఇక్కడివాళ్ళకు దిగిపోవడమంటే ఏమిటో తెలియకుండానే జీవితం గడిచిపోతుందని ఆయన అన్నాడు. ఆ వయసులో నాకా మాట ఎక్కలేదు.

నేను ఫ్యాక్టరీలో చేరిన మరుసటి ఏడు ఆ జట్టు, పుట్టిన తరువాత మొట్టమొదటిసారి, మొదటి డివిజన్‌కు చేరింది. ఆరోజు ఆయన క్యాంటీనులో అందరికీ ఉప్పుచేపల డబ్బాలు తెరిచి బ్రెడ్డు మీద పెట్టి తినిపించాడు. ఆయన భార్య పెళ్ళికి ముందు ఆ చేపల కార్ఖానాలోనే పనిచేసిన మనిషి, నెమ్మదస్తురాలు. ఆవిడ మా ఇంటికొచ్చి మా ఆవిడను కౌగిలించుకుని ఏడ్చేసింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఏళ్ళ తరబడి సొంత ఊరు చూడలేదు. మరుసటి మే నెలలో సొంత మైదానంలో జరిగే ఆ ఏటి ఆఖరి ఆటకు వెళ్ళాలని ఇద్దరూ టిక్కెట్లు కొనుక్కుని, కలిసినప్పుడల్లా ఆ ప్రయాణం గురించే చెప్పేవారు.

బయల్దేరవలసిన వారంలోనే ఆవిడ వంటింట్లో పడిపోయింది. పక్షవాతం. కుడిపక్క చచ్చుబడి, మాట పోయింది. ఆయన ఒక్కడూ పది రోజులకు వెళ్ళి వస్తే ఆవిడను తాను చూసుకుంటానని మా ఆవిడ ఎంతగానో చెప్పింది. ఆయన వినలేదు. ఆ ఆటలో గెలిస్తే జట్టు మొదటి డివిజన్‌లో నిలిచేది, ఓడిపోయింది. ఆ సోమవారం ఆయన ఫ్యాక్టరీ ముందు కారాపి, ఇంజను కట్టేసి, "వీ వెంట్ డౌన్, మేట్" అని మాత్రం అని, దిగి పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత సంవత్సరాలు ఎలా గడిచిపోయాయో! మేము ఇల్లు కొనుక్కున్నాం, అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళింది, ఆయన రిటైరయ్యాడు. జట్టు మాత్రం రెండో డివిజన్‌లో నిలదొక్కుకోలేక మూడోదానికి, అక్కడి నుంచి నాలుగోదానికి దిగుతూ వచ్చింది. పేరున్న ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, ఊళ్ళో కార్ఖానాలు మూతపడ్డాయి, టీవీలో పెద్ద జట్ల ఆటలు వస్తుంటే చూసేందుకు జనం రావడం మానేశారు. అయినా ప్రతి సోమవారం ఈయన భార్య మంచం పక్కన కూర్చుని, ఆమె ఎడమచెయ్యి పట్టుకుని, ఆట మొదలైన దగ్గర నుంచీ చెప్పేవాడు. ఆవిడ వినేది. ఓడినప్పుడు కళ్ళు మూసుకునేది.

చివరికి మా ఫ్యాక్టరీకీ మూతపడే రోజు వచ్చింది. యాభై దాటిన వయసులో ఉద్యోగం పోయినవాణ్ణి ఇంకెవరు తీసుకుంటారు? ఇప్పుడేం చేస్తున్నారని అడుగుతారేమోనని మనవాళ్ళంతా కలిసే కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళడం కూడా మానుకుని ఇంట్లో కూర్చుంటే, ఆయన ఒక సోమవారం పొద్దున్నే వచ్చి తలుపు కొట్టాడు. కారెక్కమన్నాడు. ఎక్కడికని అడిగితే, "ఎక్కడికీ కాదు. స్కోరు చెప్పాలి గదా, ఎక్కు" అన్నాడు. డాండెనాంగ్ చుట్టూ ఊరికే తిప్పి, ఎప్పటిలాగే ఆటంతా చెప్పి, ఇంటి దగ్గర దింపేశాడు. నాకు మళ్ళీ పని దొరికేదాకా ప్రతి సోమవారం అలాగే వచ్చాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు.

ఆ మరుసటి శీతకాలంలో ఆవిడ పోయింది. అదే ఏడు జట్టు జిల్లా పోటీల అట్టడుగు డివిజన్‌కు దిగింది. దానికి కింద ఇంక మెట్టే లేదు. ఇప్పుడు తాను వెళతానన్నాడు ఆయన. చూడ్డానికేముంది, రావద్దని తమ్ముడు ఫోనులో అన్నాడట. ఒంటరి ప్రయాణానికి డాక్టరు ఒప్పుకోలేదు. మా ఆవిడ నా వంక చూసి, "మీరు కూడా వెళ్ళండి. అన్నయ్యగారు ఒక్కరే అంతదూరం కూర్చుని పోతుంటే నాకిక్కడ అన్నం సయించదు" అంది. అలా నేను, నా తరఫువాళ్ళెవరూ లేని దేశానికి, పేరైనా సరిగా పలకలేని ఊరి జట్టు ఆట చూడడానికి బయల్దేరాను.

మొదటి డివిజన్ నాటి మోజులో కట్టిన పెద్ద సిమెంటు స్టేడియం అది. మెట్ల సందుల్లో గడ్డి మొలిచింది. వాన పడుతోంది. అంత చోటులో గొడుగుల కింద అక్కడక్కడ కూర్చున్న మనుషులు, మన ఊళ్ళో పెళ్ళి అయిపోయాక పందిట్లో మిగిలినవాళ్ళలా కనిపించారు. ఆడేవాళ్ళు మెకానిక్కులు, బడిపంతుళ్ళు, రొట్టెల కొట్టువాళ్ళు. తమ్ముడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, అన్నకంటే ముసలివాడైపోయినట్టు. కౌగిలించుకోలేదు. ఏదో గట్టిగా అన్నాడు, ఈయన నెమ్మదిగా బదులు చెప్పాడు, తమ్ముడు తల దించుకుని ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. ఏమన్నారో ఆ సాయంత్రం బసలో ఆయనే నాకు చెప్పాడు. మొదటి డివిజన్‌లో ఉండగా రమ్మంటే రాలేదు, ఇప్పుడీ దిక్కుమాలిన ఆటకు ఎందుకొచ్చావని తమ్ముడు అడిగాడట.

"అప్పుడు మీకు దేశమంతా ఉంది, ఆమెకు నేనొక్కణ్ణే ఉన్నాను. ఇప్పుడు మీ దగ్గర ఎవరూ లేరని వచ్చాను అన్నాను" అని చెప్పి, తడిసిన బూట్లు విప్పుకోవడంలో పడ్డాడు.

ఆరోజు ఆ జట్టు ఓడిపోయింది. రెండో సగమంతా ఆయన వానలో గోలు వెనకాల నిలబడ్డాడు. గోల్‌కీపరు రెండో గోలు వదిలేసి బురదలో కూలబడినప్పుడు కంచె మీంచి వాడికేదో చెప్పాడు. వాడు లేచి, చేతి తొడుగులు తుడుచుకుని, మళ్ళీ నిలబడ్డాడు. ఆట ముగిశాక ఆ కొద్దిమందీ కదలకుండా, జట్టు మైదానం దాటి వెళ్ళేదాకా చప్పట్లు కొట్టారు. వాళ్ళతో పాటు నేనూ కొట్టాను. ఎందుకో నాకు, ఉద్యోగం పోయిన ఏడు నేను తప్పించుకు తిరిగిన మనవాళ్ళందరూ గుర్తుకొచ్చారు.

తమ్ముడు తన దగ్గరే ఉండిపొమ్మని బతిమాలాడు. పై గది సిద్ధం చేసి ఉంచాడు కూడా. ఉండిపోతాడనే అనుకుని నేను వీడ్కోలు మాటలు వెతుక్కుంటుంటే, ఆయన తన పెట్టె కూడా సర్దుకుని కిందికి వచ్చాడు. భార్యను మెల్‌బోర్న్ మట్టిలో పెట్టి, ఆమెను ఒంటరిగా వదిలి ఇక్కడ ఎలా ఉంటానన్నాడు. తమ్ముడు బస్సు దాకా పెట్టె మోశాడు.

మరి కొన్నేళ్ళకు ఆయన కూడా మంచాన పడ్డాడు. ఒక తెల్లవారుజామున నేను పక్కన ఉండగానే తమ్ముడి ఫోను వచ్చింది. అవతల జనం అరుపులు, ఒకటే గోల. జట్టు ఒక మెట్టు పైకెక్కింది. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాను. చాలాసేపు విని, కళ్ళు తెరిచి, "వన్ స్టెప్. దట్స్ ఎనఫ్" అన్నాడు. ఆ నెలలోనే పోయాడు. ఆవిడ పక్కనే పెట్టాం.

ఈమధ్య మనవాళ్ళ ఇళ్ళల్లో భోజనాలకు వెళితే, ఏ పేటలో కొన్నారు, ఎన్ని బెడ్‌రూములు, పిల్లలకు ఏ స్కూల్లో సీటొచ్చింది అన్న మాటలే. అందరూ ఎక్కుతున్నవాళ్ళే. పోయిన నెల ఒకచోట, పాయింట్ కుక్‌లో ఉండే ఒకతని ఉద్యోగం పోయిందనీ, ఇల్లు అమ్మేసి అద్దెకు మారాడనీ, ఎక్కడా కనిపించడం లేదనీ గొంతు తగ్గించి చెప్పుకున్నారు. ఆ వెంటనే మాట మారిపోయింది. మా కాలంలో అయితే పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టేవాళ్ళం. ఇప్పుడు చెప్పకుండా వెళితే తప్పుపడతారు, ముందు మెసేజ్ పెట్టాలి అని మా అమ్మాయి అంది. పెట్టాను. అతను చూసినట్టు ఫోనులో గుర్తు కనిపించింది గాని జవాబు లేదు. అతని కొత్త ఇల్లు ఎక్కడో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని, రోజూ ఎవరో ఒకరిని అడుగుతూనే ఉన్నాను.