తెరచాప ఆరిందని చెప్పిన ఆదివారం

ఈ ప్రయాణం ఒక పోస్టుకార్డుతో మొదలైంది. "తెరచాపకు బూజు పట్టింది. వచ్చే ఆదివారం ఉతుకుతున్నాం. అందరూ రావాలి, నువ్వు కూడా. పాత పంచె ఒకటి తెచ్చుకో" అని నాలుగు ముక్కలు రాసి కింద పెంచలయ్య సంతకం పెట్టాడు. ఆ కార్డును మూడుసార్లు చదివాను. మొదటిసారి భయం వేసింది. రెండోసారి, దాచడం దేనికి, సంతోషం కలిగింది. మూడోసారి 'నువ్వు కూడా' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఆ బూజుకు కారణం నేను.

అరవైల మొదట్లో సంగతి ఇది. నేను నెల్లూరులో లెక్కల మాస్టారిని. పెంచలయ్య నాతో కలిసి చదువుకున్నాడు, సూళ్లూరుపేటలో గుమాస్తాగా స్థిరపడ్డాడు. చదువుకునే రోజుల్లో నా పలక చూసి లెక్కలు దించుకున్నవాడు. నాకంటే పొట్టి, నాకంటే తక్కువ జీతం, మాట కూడా కాస్త నత్తి. అలాంటివాడు మరో ఆరుగురితో కలిసి పులికాట్ సరస్సు ఒడ్డున సెయిలింగ్ క్లబ్బు పెట్టాడు. క్లబ్బంటే దొరల వ్యవహారం అనుకునేరు. పోలయ్య అనే బెస్తవాడి తండ్రి వదిలేసిన పాత పడవ ఒకటి ఉంటే దాన్ని ఏడుగురూ కలిసి బాగుచేసి తెరచాప కట్టి, ఆదివారాలు సరస్సులో తిరుగుతున్నారు. అంతే క్లబ్బు. కానీ నెలకో కార్డు రాసేవాడు: గాలి ఇలా వీచింది, చాప ఇలా నిండింది, చుక్కాని నా చేతికిచ్చారు అని. ఒక్కో కార్డుకు ఒక్కో రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ ఉతికే ఆదివారానికి రెండు వారాల ముందు, చూసొద్దామని అతిథిగా వెళ్ళాను. ఆ రోజు చుక్కాని వాడిది. పడవ వెనక కూర్చుని, చొక్కా గాలికి ఉబ్బుతుండగా, "చాప వదలండి, కొంచెం లాగండి" అని వాడు అంటుంటే అందరూ నోరు మూసుకుని చేశారు. నా క్లాసులో నలభైమంది ఉన్నా నా మాట అలా ఎవరూ వినరు. తిరిగి ఒడ్డు చేరాక చాపను ఇసుకలో కొయ్యల మీద ఆరేశారు. చివర చుక్కాని పట్టినవాడు చాప ఆరేదాకా దగ్గరుండి మడత పెట్టాలని వాళ్ళ నియమం. మబ్బుగా ఉంది, నా రైలుకు టైమవుతోంది. పడవ కడుగుతున్న పెంచలయ్య అక్కడినుంచే "శేషయ్యా, ఆరిందేమో చూడరా" అని కేకేశాడు. వెళ్ళి తాకాను. మధ్యలో పొడిగానే ఉంది. అంచున కుట్టిన తాడు దగ్గర మాత్రం చల్లగా తగిలింది. వాడివైపు తిరిగి "ఆరిందిరా" అన్నాను. వాడు నమ్మి మడిచేశాడు.

ఇక ప్రయాణం సంగతి. నెల్లూరులో తెల్లవారుజామున అయిదింటికి మద్రాసు వైపు పాసింజరు ఎక్కితే ఎనిమిదింటికల్లా సూళ్లూరుపేటలో దిగొచ్చు. మూడో తరగతి టిక్కెట్టు అప్పట్లో రెండు రూపాయల లోపే. గూడూరులో బండి చాలాసేపు ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద నిమ్మకాయల బస్తాల వాసన పెట్టెలోకి వచ్చేది. అక్కడ టీ తాగుతూ నా మనసు కుదుటపడేలా ఒక లెక్క వేసుకున్నాను. చాప బాధ్యత పెంచలయ్యది. పాడైంది. కాబట్టి వాణ్ణి తీసేస్తారు. ఒక ఖాళీ వస్తుంది. ఇంతవరకు లెక్క బాగానే వచ్చింది. ఆ ఖాళీలో ఎవరుంటారన్నది గూడూరు దాటాక వేసుకున్నాను.

సూళ్లూరుపేట స్టేషన్ బయట జట్కాలుంటాయి. సరస్సు ఒడ్డు దాకా ముప్పావలా అడుగుతారు, అర్ధరూపాయికి వస్తారు. నేనెక్కిన జట్కా అతను నా చంకలోని పాత పంచె చూసి అడిగాడు.

"చాపోళ్ళ కాడికా సామీ?"

"అవును."

"చాప చెడిపోయిందంట గదా. వారం నించి బెస్తోళ్ళ కుప్పమంతా అదే మాట."

"ఎవరు చెడగొట్టారంటున్నారు?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"అది మాత్రం ఎవురూ చెప్పలా. నేనడిగితే పోలయ్య నామీదే కసురుకున్నాడు" అన్నాడతను గుర్రాన్ని అదిలిస్తూ.

దారి పొడుగునా రెండువైపులా నీళ్ళు నిలిచిన చవిటి నేల. దూరంగా ఎర్రకాళ్ళ కొంగలు వందలుగా వాలి ఉన్నాయి. వాటిని చూడ్డానికే ఎక్కడెక్కడినుంచో వస్తారు. నేను చూడలేదు. పెంచలయ్య ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చున్నాను.

ముఖం మామూలుగానే ఉంది. మోకాళ్ళదాకా పంచె ఎగ్గట్టి, పెద్ద బానలో కుంకుడుకాయలు పిసుకుతున్నాడు. పక్కన తెరచాప పరిచి ఉంది. మందపాటి కోరాగుడ్డ మీద, అంచుల వెంబడి, నల్లటి చుక్కలు చీమలు బారులు తీరినట్టున్నాయి. దాని దగ్గర గూడూరు నుంచి వచ్చిన మస్తాన్ గారు దబ్బనం పట్టుకుని కూర్చున్నారు. ఆయన దర్జీ. ఈ చాప మొత్తం ఆయన చేత్తో కుట్టిందే. నన్ను చూసి, "రండి సారూ, ఆ మూల పట్టుకోండి, కుట్టు తెగకుండా రుద్దాల" అన్నారు. ఎందుకు వచ్చావనిగానీ, ఏం జరిగిందనిగానీ ఆయన అడగలేదు.

పదకొండింటి దాకా రుద్దాం. కంపౌండరు ఒకాయన, ఇద్దరు అన్నదమ్ములు, ఒక పోస్టుమాన్, మస్తాన్ గారు, పోలయ్య, పెంచలయ్య, నేను. చేతులు మండిపోయాయి. కుంకుడు నురగ కళ్ళలో పడింది. తర్వాత తుమ్మచెక్క కషాయం. వలలు మన్నడానికి బెస్తవాళ్ళు తుమ్మచెక్కను ఉడకబెట్టి ఆ ఎర్రటి నీళ్ళలో ముంచుతారు. చాపకూ అదే చేస్తారు. ఎనిమిదిమందీ కర్రలతో బానలో చాపను తిప్పుతూ ఉంటే పోలయ్య పదం అందుకున్నాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. నేను ఎదురుచూస్తున్నది పదం కోసం కాదు. ఎవరో ఒకరు పెంచలయ్యను నిలదీస్తారని చూస్తున్నాను. ఎవరూ ఆ ఊసే ఎత్తడం లేదు.

ఉండబట్టలేక కంపౌండరు గారి పక్కకు జరిగి, "ఇంత పని పెట్టినందుకు పెంచలయ్యను ఏమీ అనరా?" అని అడిగాను.

ఆయన తల తిప్పి ఒడ్డునున్న క్లబ్బు పాకవైపు చూపించారు. పాక గోడకు క్లబ్బు నిబంధనల పలక కొట్టి ఉంటుంది, తారుతో రాసింది. పోయినసారి చదివాను: పడవ ఎక్కేముందు ప్రతి సభ్యుడూ నీళ్ళు తోడవలెను. దిగిన తరువాత మంచినీళ్ళతో కడుగవలెను. చాపను తడిగా మడువరాదు. అతిథులు చుక్కాని ముట్టరాదు. కింది వరసలకు వల అడ్డం ఉండేది. ఇవాళ వల తీసేసి ఉంది. చిట్టచివరి నిబంధన ఇలా ఉంది: చాపకు గాని పడవకు గాని చెడు జరిగినచో ఎవరని అడుగరాదు. అందరూ కలిసి బాగుచేయవలెను.

ఆ వాక్యం చదివి నాకు మండింది. ఇదెక్కడి న్యాయం? మా స్కూల్లో సుద్దముక్క పోయినా ఎవరు తీశారో తేలేదాకా వదలం.

భోజనం పోలయ్య ఇంట్లో. ఆయన భార్య కోటమ్మ రొయ్యల పులుసు చేసింది, చింతపులుపు పళ్ళు జివ్వుమనేట్టు. విస్తరి ముందు పెంచలయ్య నా పక్కనే కూర్చున్నాడు. పులుసు వడ్డిస్తూ కోటమ్మ అంది: "పెంచలన్నా, నువ్వు చుక్కాని వొదిలేసినావంట. అదేం పంతమబ్బా?"

"పంతం కాదక్కా. ఈ ఏడాదికి ముట్టనని చెప్పినా" అన్నాడు వాడు అన్నం కలుపుతూ.

"నిన్నెవురైనా అన్నారా?"

"ఎవురూ అనలా. చాప నా చేతికిచ్చినారు. నేను చూసుకోలా. అంతే."

నా పేరు చెప్పలేదు. నావైపు చూడను కూడా లేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సిగ్గుకంటే ముందు కుళ్ళే వచ్చింది. చుక్కాని ఉన్నప్పుడు చుక్కాని చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడది వదిలేస్తే, వదిలేయగలిగినందుకు కుళ్ళు. వీడికి ఏం పోయినా మిగిలే ఉంటుందేమిటి అనిపించింది. లెక్కలు నాదగ్గర దించుకున్నవాడికి ఈ లెక్క ఎవరు నేర్పారు? ఆ కోపంలోనే నోరు జారింది.

"అది తడిగా ఉందని నాకు తెలుసు. అంచు తాకి చూశాను. ఆరలేదని తెలిసే ఆరిందని చెప్పాను."

అందరూ తినడం ఆపారు. పోలయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"తెలిసే చెప్పినావా అయ్యవారూ?"

"తెలిసే."

"ఎందుకట్టా?"

"చుక్కాని వాడి చేతిలో ఉందని" అన్నాను. అందరి ముందు, చదువుకున్న లెక్కల మాస్టారిని, చిన్నపిల్లాడిలా చెప్పాల్సి వచ్చింది.

పోలయ్య నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇంత దానికి నా నడుం ఇరగ్గొట్టినావే" అన్నాడు. అన్నదమ్ముల్లో చిన్నవాడు ఫక్కున నవ్వాడు, పెద్దవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. మస్తాన్ గారు మాత్రం నవ్వలేదు. చాప కుట్టిన మనిషి కదా. "మేం అడగలా. మీరు చెప్పినారు. ఇంక దాని గురించి మాట్లాడేది లేదు సారూ. పలక మీద రాసింది చుట్టాలకు కూడా" అన్నారు.

"అయితే పెంచలయ్య చుక్కాని మళ్ళీ పట్టొచ్చు కదా" అన్నాను ఆశగా. తప్పు నాది అయ్యాక వాడికి శిక్ష దేనికి?

"నేను పట్టను" అన్నాడు పెంచలయ్య. ఇప్పుడు నావైపు తిరిగాడు. కళ్ళలో కోపం ఉంది, నాకు తెలిసినంతలో మొదటిసారి. "నువ్వు అబద్ధం చెప్పినావు, అది నీది. నేను లేచి పోయి చూడలా, అది నాది. నా దాన్ని కూడా నువ్వే తీసుకుంటావా?"

కోటమ్మ వచ్చి ఇద్దరి విస్తళ్ళలోనూ మళ్ళీ అన్నం పెట్టింది.

ఒంటిగంటకు చాపను కొయ్యల మీద ఆరేశాం. కషాయం పట్టి ఇటుక రంగులోకి తిరిగింది. ఎవరి పని వాళ్ళు పంచుకుంటున్నారు: పడవకు తారు పుయ్యడం, తాళ్ళు పేనడం, బాన కడగడం. నేను చేతులు కట్టుకుని నిలబడితే పోలయ్య వచ్చి, "చాప కాడ నువ్వుండు అయ్యవారూ. ఆరినప్పుడు చెప్పు, మడత పెడదాం" అన్నాడు.

వేళాకోళమేమో అనుకుని ముఖం చూశాను. కాదు. చెప్పి వెళ్ళిపోయాడు.

నా పాసింజరు నాలుగూ నలభైకి. నాలుగున్నరకల్లా స్టేషన్లో ఉండాలంటే నాలుగింటికి జట్కా ఎక్కాలి. సోమవారం మొదటి పీరియడు నాదే, హెడ్మాస్టరు ఊరుకునే రకం కాదు. మూడున్నరకు జట్కా వచ్చి నిలబడింది. చాప చుట్టూ తిరిగాను. మధ్యలో పెళపెళలాడుతోంది. వంగి అంచు తాడు మీద చెంప ఆనించాను. చల్లగా తగిలింది.

నాలుగింటికి ఏడుగురూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. పెంచలయ్య చివర నిలబడ్డాడు. "ఏం సామీ, ఎక్కుతారా?" అని జట్కా అతను కేకేశాడు. ఎండ తగ్గుతోంది, వాళ్ళూ ఇళ్ళకు పోవాలి. ఎవరూ చాపను ముట్టుకోలేదు. నేను చెప్పేదాకా ముట్టుకోరని అర్థమైంది. మొన్నటిదాకా నేను ఈర్ష్య పడింది సరిగ్గా దీనికే, ఏడుగురు మనుషులు ఒకడి మాట కోసం ఆగడానికి. అది ఇంత బరువుగా ఉంటుందని పెంచలయ్య ఏ కార్డులోనూ రాయలేదు.

"ఇంకా ఆరలేదు" అన్నాను.

పోలయ్య తల ఊపి ఇసుకలో కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు. జట్కా వెళ్ళిపోయింది. కాసేపటికి ఎక్కడో దూరంగా నా రైలు కూత వినపడింది. అప్పుడు పెంచలయ్య లేచి వచ్చి, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన చెంప కూడా తాడుకు ఆనించాడు. "ఇంకో అరగంట" అన్నాడు. ఆ రోజంతా వాడు నాతో తనంతట తాను అన్న మొదటి మాట అది.

మరుసటి ఏడు నన్ను క్లబ్బులో చేర్చుకున్నారు. దానికి ముందు ఏడాదంతా నేను అతిథిగానే వెళ్ళాను. చుక్కాని వదిలేసినవాడూ, చుక్కాని ముట్టకూడనివాడూ ఇద్దరం పడవ అడుగున పక్కపక్కన కూర్చుని నీళ్ళు తోడాం. వాడి మీద కుళ్ళు పోయిందా అంటే, ఎందుకు పోతుంది? నాకంటే వాడు వేగంగా తోడేవాడు. కాకపోతే వాడి చెయ్యి ఆగిపోతే నా కాళ్ళే తడుస్తాయని తెలిశాక, వాడు వేగంగా తోడాలనే కోరుకునేవాణ్ణి. ఒకే పడవలో కూర్చుని కుళ్ళుకోవడం అంటే అదేనేమో.

ఆ రైలు ధరలు ఇప్పుడు పనికిరావు, జట్కాలూ లేవు. కానీ ఆ ఒడ్డుకు వెళ్ళి ఎవరి పడవైనా ఎక్కేవాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పగలను. తెరచాప ఆరిందా అని ఎవరైనా అడిగితే మధ్యలో తాకి చూడకండి, చేత్తో అసలు చూడకండి. అంచున కుట్టిన తాడు మీద చెంప ఆనించండి. చల్లగా తగిలితే, రైలు పోతే పోయింది, ఆరలేదని చెప్పండి.